అమ్మ ఫోనులో బ్యాంకు ఖాతా ఉంచాలా, తీసేయాలా? విశాఖవాసులు సలహా చెప్పండి

అక్కయ్యపాలెం అమ్మాయి
2025 నవంబరు 16, ఉదయం 7.40

అందరికీ నమస్కారం. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

అమ్మకు 67 ఏళ్ళు. అక్కయ్యపాలెంలో సొంత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను పుణెలో, అన్నయ్య మస్కట్‌లో. నాన్నగారు పోయాక కుటుంబ పింఛను వస్తోంది. ఆయన కూడబెట్టినదంతా ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంది. రెండేళ్ళ కిందట అమ్మకు స్మార్ట్‌ఫోను కొనిచ్చింది నేనే. యూపీఐ పెట్టిందీ, డిపాజిట్లతో సహా ఖాతా మొత్తం ఫోనులో కనిపించేలా చేసిందీ నేనే. అమ్మ తొందరగానే నేర్చుకుంది. కరెంటు బిల్లు, గ్యాసు, మందులు, పూలు అన్నీ తనే కట్టుకునేది. ఎండలో వరసలో నిలబడే బాధ తప్పిందని మురిసిపోయేది.

మొన్న గురువారం పదకొండు గంటలకు వీడియో కాల్ వచ్చింది. ఖాకీ చొక్కా మనిషి, వెనక గోడమీద మూడు సింహాల బొమ్మ. మొదట హిందీలో బెదిరించి, తర్వాత తెలుగు వచ్చిన ఇంకొకడికి ఇచ్చాడు. అమ్మ ఆధార్‌తో ఎవరో సిమ్ తీసుకుని మాదకద్రవ్యాలు అమ్మారట. "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. తలుపులు వేసుకోండి. ఎవరికైనా చెప్తే మీ అమ్మాయిని కూడా కేసులో చేరుస్తాం" అన్నాడు. నా పేరు, నేను పుణెలో ఉన్న సంగతి వాడికి తెలుసు. అమ్మ రెండు గంటలసేపు ఫోను ఎదురుగా పెట్టుకుని మంచం అంచున కూర్చుండిపోయింది. మంచినీళ్ళకు లేవడానికి కూడా వాడినే అడిగింది.

పొయ్యిమీద పప్పు మాడి వాసన గోడ దాటింది. పక్కింటి పిన్నిగారు వచ్చి తలుపు బాదితే అమ్మ తీయలేదు. ఆవిడ పెరటి వైపు నుంచి వచ్చి, కిటికీలోంచి చూసి, లోపలికి వెళ్ళి ఫోను లాక్కుని ఆపేశారు. అప్పటికే డిపాజిట్ రద్దు చేయించి సొమ్మును పొదుపు ఖాతాలోకి తెప్పించారు. ఇక పిన్ నొక్కడమే తరువాయి.

డబ్బు పోలేదు. కానీ అమ్మ ఆ రోజు నుంచి ఫోను ముట్టుకోవడం లేదు. నేను చేసినా పిన్నిగారి ఫోనులోనే మాట్లాడుతోంది. అన్నయ్య అన్నీ తీసేసి బటన్ల ఫోను ఇమ్మంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయాలి?

పాత ఖాతాపుస్తకం
నవంబరు 16, ఉదయం 8.55

అమ్మాయీ, అమ్మగారు క్షేమంగా ఉన్నారు, అదే పదివేలు. ఆ పిన్నిగారికి నా తరఫున కూడా దండం పెట్టు. నేను సీతమ్మధారలో ఉంటాను. ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో 34 ఏళ్ళు పనిచేసి మేనేజరుగా దిగిపోయాను. నాకు తెలిసినది చెబుతాను.

మన చట్టాల్లో డిజిటల్ అరెస్టు అన్నదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియోలో కూడా ఈ మాట చెప్పారు. ఏ పోలీసూ, ఏ కోర్టూ వీడియో కాల్‌లో అరెస్టు చేయదు, డబ్బు అడగదు. ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాలతో రాసి అమ్మగారి మంచం పక్కన గోడకు అంటించండి.

డబ్బు పోకపోయినా సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి. ఆ నంబరు ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది. పోయినవారికైతే మొదటి గంటే ప్రాణం. సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తుతూ ఉంటుంది, అది నగదుగా మారేలోపే ఆపగలిగితే మిగులుతుంది. బ్యాంకు తెరిచాక వెళ్దాం, అబ్బాయి వచ్చాక అడుగుదాం అని కూర్చుంటే చేతికేమీ రాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాడు డబ్బు కాజేస్తే, మూడు పనిదినాల్లో మనం ఫిర్యాదు చేస్తే నష్టం మనమీద పడదు. కానీ మన చేత్తోనే పిన్ నొక్కినా, ఓటీపీ చెప్పినా, ఫిర్యాదు అందేదాకా జరిగిన నష్టమంతా మనదే. ఈ దొంగలు మన చేతే నొక్కించేది అందుకే. నా కౌంటర్ ముందు ఇలా కూలబడినవాళ్ళను చూశాను. ఒకాయన కూతురి పెళ్ళికి దాచిన డబ్బు పోగొట్టుకుని, పాసుపుస్తకంలో చివరి వరస మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

కాబట్టి డిపాజిట్ ఉన్న ఖాతాను ఫోను నుంచి పూర్తిగా విడదీయండి. శాఖకు వెళ్ళి, ఆన్‌లైన్ సేవలు వద్దని కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. రోజువారీ ఖర్చులకు వేరే చిన్న ఖాతా ఉంచండి. ఫోను మాత్రం తీసేయకండి.

పూర్ణా మార్కెట్ చిల్లర
నవంబరు 16, ఉదయం 10.20

పెద్దాయన మాటే నా మాట. నాది కిరాణా కొట్టు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, నవంబరులో నోట్లు రద్దయ్యాయి, ఆ చలికాలంలో మాకు దాని విలువ తెలిసింది. ఇప్పుడు చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెట్టే పని లేదు. పోర్టులో బరువులు మోసేవాళ్ళు కూడా పది రూపాయలు స్కాన్ చేస్తున్నారు. అప్పు పుస్తకం సగానికి సగం తగ్గింది.

మోసాలూ చూశాను. డబ్బు పంపినట్లు దొంగ బొమ్మ చూపించి రెండు బస్తాల బియ్యం పట్టుకుపోయాడు ఒకడు. మా వరసలోనే ఒక టీ కొట్టు క్యూఆర్ కాగితం మీద రాత్రికి రాత్రి వేరే కాగితం అంటించారు. మరునాడు మధ్యాహ్నం దాకా టీ డబ్బులన్నీ ఎవరికో చేరాయి. సౌండ్ బాక్సు పెట్టుకున్నాక ఆ బెడద తగ్గింది. ఇప్పుడు నా కన్ను తెర మీద కాదు, నా చెవి పెట్టె మీదే.

అమ్మగారికి ఒక్క ముక్క నేర్పండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు వస్తుందని చెప్పి పిన్ అడిగారంటే డబ్బు పోతోందనే అర్థం.

గంగమ్మ గట్టు
నవంబరు 16, మధ్యాహ్నం 1.05

మాది జాలరిపేట. మా ఇంట్లో మూడు తరాలు సముద్రం మీదే బతికారు. బ్యాంకు విషయం పెద్దలు చెప్పారు, నేను మా పడవ గురించి చెబుతాను.

మా తాతయ్య డాల్ఫిన్స్ నోస్ కొండనూ, దాని మీది దీపస్తంభాన్నీ, సింహాచలం కొండ వరసనూ కలిపి చూసి, వల వేసిన చోటికి మళ్ళీ సరిగ్గా వచ్చేవాడు. మా నాన్న జీపీఎస్ కొన్నాడు. ఇప్పుడు హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఉపగ్రహం నుంచి నీటి వేడినీ పచ్చదనాన్నీ చూసి, చేప ఎక్కడ దొరికే వీలుందో ఫోనుకే పంపుతున్నారు. డీజిల్ ఖర్చు మా నడుం విరుస్తున్న రోజుల్లో, ఊరికే తిరగకుండా నేరుగా వెళ్ళడమంటే ఇంటికి రెండు పూటల తిండి. కేంద్రం లక్ష పడవలకు ఇస్తామన్న ట్రాన్స్‌పాండర్లు ఇస్రో తయారుచేసినవి. ఫోను సిగ్నల్ అందని చోట కూడా ఆపద అని ఒడ్డుకు కబురు పంపుతాయి.

అయితే కిందటి ఏడాది ఒక రాత్రి మా జీపీఎస్ తడిసి ఆగిపోయింది. పడవలో నలుగురం ఉన్నాం, ముగ్గురికి కొండ గుర్తులు తెలియవు. నాలుగోవాడు మా పెదనాన్న. ఆయన నగరం వెలుతురు ఎటు ఎర్రగా ఉందో చూసి, అలల వాలు చెయ్యిపెట్టి చూసి ఒడ్డుకు చేర్చాడు. ఆ రోజు నుంచి నా కొడుక్కి కొండ గుర్తులు నేర్పుతున్నాను. పరికరం వద్దని కాదు, దాంతో పాటు ఇది కూడా రావాలని.

డాబాగార్డెన్స్ 1958
నవంబరు 16, సాయంత్రం 6.30

అందరూ ఫోను ఉంచమంటున్నారు. నేను ఒప్పుకోను. ఆ అమ్మాయి అన్నయ్య చెప్పినట్లు బటన్ల ఫోను ఇవ్వడమే మంచిది.

2014 అక్టోబరు 12 ఎవరికైనా గుర్తుందా? హుద్‌హుద్ వచ్చిన ఆదివారం. కరెంటు లేదు, ఫోను లేదు, ఏటీఎం లేదు. చెట్లు విరిగిపడి వీధి దాటడానికి లేదు. పాల ప్యాకెట్టు కోసం మనుషులు కొట్టుకున్నంత పని చేశారు. ఖాతాలో లక్షలున్నవాడూ, ఏమీ లేనివాడూ ఒక్కటే. మా ఆవిడ బియ్యం డబ్బాలో దాచిన నాలుగు వేలతో మేమూ, పక్కవాటాలోని ఇద్దరు చదువుకునే పిల్లలూ వారం గడిపాం. అప్పటికింకా యూపీఐ లేదు. ఈ రోజు అదే తుపాను వస్తే, జేబులో ఒక్క నోటు కూడా లేని వాళ్ళెందరో లెక్కపెట్టుకోండి. ఒంటరిగా ఉన్న ఆడమనిషికి భయం లేని నిద్ర ముఖ్యం. సౌకర్యం తర్వాత.

రుషికొండ గాలి
నవంబరు 17, ఉదయం 9.10

డాబాగార్డెన్స్ గారూ, మీ బియ్యం డబ్బా మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా ఇంట్లోనూ కొంత నగదు ఎప్పుడూ ఉంచుతాం. కానీ ఆ తుపానులోనే ఇంకో వైపు కూడా చూడాలి.

ఎల్లుండికి దివిసీమ ఉప్పెన వచ్చి 48 ఏళ్ళు. 1977 నవంబరు 19. దాదాపు పదివేల మంది పోయారు. ఉప్పెన వస్తోందన్న కబురు ఆ ఊళ్ళకు చేరే దారే లేదు. హుద్‌హుద్‌కు ముందు కైలాసగిరి మీది డాప్లర్ రాడార్, ఉపగ్రహాలు రోజుల తరబడి దాన్ని వెంటాడాయి. లక్షల మందిని ముందే తరలించారు. అంత గాలికి చనిపోయినవారు పదుల్లోనే. ఒక్క ప్రాణమైనా తక్కువేమీ కాదు, కానీ పదివేలకూ పదులకూ మధ్య ఉన్నది సాంకేతికతే. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగిన పరీక్ష గుర్తుందా? ఆ సెల్ ప్రసార హెచ్చరికకు ఇంటర్నెట్ అక్కర్లేదు, నంబరూ అక్కర్లేదు. ఆ టవరు పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ వెళుతుంది.

అమ్మగారి విషయానికి వస్తే, నేను సాఫ్ట్‌వేర్ భద్రత పని చేస్తాను కనుక రెండు చెబుతాను.

యూపీఐ సర్కిల్ అని 2024 ఆగస్టులో వచ్చింది. దానిలో మీరు ముఖ్య ఖాతాదారు, అమ్మ రెండో మనిషి. ఆమె పూలకొట్టు దగ్గర స్కాన్ చేస్తే డబ్బు మీ ఖాతా నుంచి వెళ్తుంది. నెలకు 15,000, ఒకసారికి 5,000 రూపాయలు దాటదు. కావాలంటే ప్రతి చెల్లింపునూ మీరు ఒప్పుకున్నాకే వెళ్ళేలా పెట్టుకోవచ్చు. ఆమె స్వేచ్ఛగా తిరగవచ్చు, ఎవడెంత బెదిరించినా పోయేదానికి ఒక హద్దు ఉంటుంది.

రెండోది ఇంకా ముఖ్యం. కొద్ది క్షణాల మాట దొరికితే చాలు, కృత్రిమ మేధతో అచ్చం మీ గొంతునే తయారుచేస్తున్నారు. రేపు "అమ్మా, ప్రమాదం జరిగింది, డబ్బు పంపు" అని మీ గొంతే ఏడవవచ్చు. అందుకని మీ ముగ్గురికే తెలిసిన ఒక రహస్యపు మాట పెట్టుకోండి. చిన్నప్పుడు మీ ఇంట్లో పెంచిన కుక్క పేరో, ఎవరూ ఎక్కడా రాయని ముద్దుపేరో. డబ్బు మాట వస్తే ముందు ఆ మాట అడగాలి.

మేఘాద్రి ఒడ్డు
నవంబరు 17, ఉదయం 11.45

హెచ్చరికల మాట వచ్చింది కనుక రాస్తున్నాను. నాది గోపాలపట్నం వైపు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు వ్యాపించినప్పుడు మేం దానికి దగ్గరలోనే ఉన్నాం. పన్నెండు మంది పోయారు. అక్కడ సైరన్లు ఉన్నాయి. మోగలేదు. మమ్మల్ని లేపింది వీధి కుర్రాళ్ళు తలుపులు తన్నిన చప్పుడు. ఆ తర్వాత మా చెల్లెలు ఫోను చేసి, గాలి ఎటు వీస్తోందో, ఎటు పరుగెత్తాలో చెప్పింది. ఆ ఫోను లేకపోతే మేం చీకట్లో తప్పు వైపే పోయేవాళ్ళం.

ఎంత మంచి యంత్రమైనా దాన్ని మోగించే బాధ్యత ఒక మనిషి మీద ఉండాలి, మోగించకపోతే ఆ మనిషి జవాబు చెప్పాలి. బ్యాంకుకైనా అంతే, కర్మాగారానికైనా అంతే. ఒంటరిగా ఉన్న 67 ఏళ్ళ మనిషి ఉన్నట్టుండి పగటిపూట డిపాజిట్ మొత్తం రద్దు చేస్తుంటే, బ్యాంకు యంత్రానికి అనుమానం రాలేదా? శాఖ నుంచి ఒక్కరు ఫోను చేసి, "అమ్మా, మీరేనా చేస్తున్నది, ఇంట్లో ఎవరైనా ఉన్నారా" అని అడగలేరా? జాగ్రత్త అంతా ముసలివాళ్ళ నెత్తినే వేయడం నాకు నచ్చదు.

పాత ఖాతాపుస్తకం
నవంబరు 17, మధ్యాహ్నం 12.30

మేఘాద్రి ఒడ్డు గారి ప్రశ్నకు నా దగ్గర అడ్డు లేదు. మా కాలంలో పెద్ద మొత్తం తీస్తే కౌంటర్‌లో ఎందుకమ్మా అని అడిగేవాళ్ళం. కొందరు విసుక్కునేవారు. ఆ ఒక్క ప్రశ్నే ఎందరినో కాపాడింది. ఆ ప్రశ్నను యంత్రంలో పెట్టడం అసాధ్యమేమీ కాదు.

రాత్రి డ్యూటీ
నవంబరు 17, రాత్రి 11.50

ఇప్పుడే కాస్త ఖాళీ దొరికింది. నేను ఇక్కడి ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సును. మా దగ్గరికి పాడేరు, చింతపల్లి, అరకు నుంచి వస్తారు. ఒకప్పుడు ఓపీ చీటీ కోసం తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి నేలమీద పడుకునేవారు. ఇప్పుడు గోడమీది క్యూఆర్ స్కాన్ చేస్తే, పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య నంబరుతో పేరు, వయసు వాటంతట అవే పడి టోకెన్ వస్తుంది. ధ్రువపత్రాల కోసం తిరిగేవారికి ఈ జనవరి 30న మొదలైన రాష్ట్ర ప్రభుత్వపు మన మిత్ర వాట్సాప్ సేవ కూడా మేలు చేస్తోంది. 161 సేవలతో మొదలుపెట్టారు. ఆ నంబరు 95523 00009. దాన్ని పేరుతో సహా దాచుకోండి, వేరే నంబరు నుంచి వస్తే నమ్మకండి.

కానీ కిందటి నెల వచ్చిన ఒక దంపతుల ముఖాలు మరిచిపోలేను. కొండ మీది నుంచి వచ్చారు. వాళ్ళకు ఫోను లేదు. గోడమీది క్యూఆర్ ముందు నిలబడి, అందరూ దానికి ఫోను చూపించి వెళ్తుంటే, ఆయన తన చేతిలోని పాత మందుల చీటీని దానికి ఆనించి పట్టుకున్నాడు. ఎంతసేపు అలా నిలబడ్డాడో తెలియదు. నేను తీసుకెళ్ళి కౌంటర్‌లో రాయించాను. ఆ కౌంటర్ ఉంది కనుక సరిపోయింది. "అంతా ఆన్‌లైన్ అయింది కదా, కౌంటర్ ఎందుకు" అని ఎవరైనా అంటే నాకు ఆయన చెయ్యే గుర్తొస్తుంది.

ఇంకొకటి. చాట్‌లో కృత్రిమ మేధను అడిగి మందులు మార్చుకునేవారు పెరుగుతున్నారు. ఒకాయన మధుమేహం మాత్రలు కిడ్నీకి చెడ్డవని చదివి మానేశాడు. ఆరు వారాల తర్వాత కాలి పుండుతో వచ్చాడు. డాక్టరు చెప్పినదాన్ని అర్థం చేసుకోవడానికి అడగండి, రక్తపరీక్ష కాగితంలో ఏముందో తెలుగులో చెప్పించుకోండి. అది నిజంగా మంచి ఉపయోగం. మాత్ర ఆపేముందు మాత్రం మనిషినే అడగండి.

చెవులతో చదువుతాను
నవంబరు 18, ఉదయం 6.15

ఈ చర్చ మొత్తం నిన్న రాత్రి విన్నాను. చదవలేదు, విన్నాను. నాకు పుట్టుకతో చూపు లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చదువుతున్నాను. ఫోనులోని టాక్‌బ్యాక్ మీ అందరి మాటలనూ తెలుగులోనే నాకు వినిపించింది. ఈ జవాబు కూడా నోటితో చెప్పి రాయిస్తున్నాను.

ఫోను తీసేయాలా అన్న ప్రశ్న మీకు సౌకర్యం గురించి. నాకు అది చేతికర్ర లాంటిది. 2016 తర్వాత వచ్చిన నోట్ల కొలతలు మారి, వేళ్ళతో తడిమి గుర్తుపట్టడం కష్టమైంది. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు మణి అనే యాప్ తెచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. అంతకుముందు ఆటో దిగాక చిల్లర సరిగ్గా ఇచ్చారో లేదో ఎదుటివారి మంచితనాన్ని బట్టే. మద్దిలపాలెం నుంచి బీచ్ రోడ్డు దాకా మ్యాపు మాటలు వింటూ నేను ఒంటరిగా నడిచిన రోజు మా అమ్మ ఫోనులో ఏడ్చింది.

అదే సాంకేతికత నన్ను బయటికి నెట్టేస్తుంది కూడా. దుకాణాల్లో కార్డు యంత్రాలకు ఇదివరకు మీటలుండేవి, అయిదో అంకె మీద చిన్న చుక్క ఉండేది. ఇప్పుడు నున్నటి గాజు తెర. పిన్ నొక్కాలంటే దుకాణదారుకు చెప్పాలి. మీరందరూ ఎవరికీ చెప్పొద్దంటున్న పిన్‌ను నేను గట్టిగా పైకి చెప్పాలి. ఖాతా తెరిచేటప్పుడు కెమెరా వైపు చూసి కళ్ళు ఆర్పమంటుంది. ఈ ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, ఈ పద్ధతులు అందరికీ వీలయ్యేలా మార్చమని ఆదేశించింది. ఆ తీర్పు నాకు చాలా ధైర్యమిచ్చింది.

అమ్మగారికి నా మాట చెప్పండి. ఆమె చేసిన తప్పేమీ లేదు. కూతురి కోసం భయపడ్డారు, అంతే.

మధురవాడ మాస్టారు
నవంబరు 18, సాయంత్రం 5.20

పై జవాబు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక క్లుప్తంగా రాస్తాను. తొమ్మిదో తరగతికి "మా వీధి" మీద వ్యాసం రాయమంటే, ముగ్గురి వ్యాసాల్లో వీధి చివర ఏరు పారింది. మా పేటలో ఏరు లేదు. ముగ్గురూ తప్పులేని తెలుగు రాశారు, కానీ వాళ్ళ వీధి అందులో లేదు. తిట్టలేదు. మరునాడు బయటికి తీసుకెళ్ళి, పావుగంటసేపు వీధిలో నిలబెట్టి, చూసింది చూసినట్లు రాయమన్నాను. తప్పులు వచ్చాయి, వీధి కూడా వచ్చింది. అదే తరగతిలో ఒడిశా నుంచి పనికి వచ్చిన కుటుంబపు పిల్ల ఉంది. ఆమె ఫోనులో అనువాదం పెట్టుకుని పాఠం అర్థం చేసుకుంటోంది. ఆమెకు ఏ మాస్టారూ చేయలేని సాయం అది చేస్తోంది.

ఇంకొకటి, అమ్మగారికి ఫోను చేసినవాడి గురించి. 2024 మేలో మన నగర పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తు తెచ్చుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన ప్రాంతపు కుర్రాళ్ళనే తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్ళనే మోసం చేయడానికి ఫోన్ల ముందు కూర్చోబెట్టారు. కొందరు తిరిగొచ్చి చెబితేనే తెలిసింది. ఆ తెలుగు మాట్లాడిన గొంతు నా దగ్గర పద్యం అప్పజెప్పిన పిల్లవాడిది కావచ్చేమోనన్న ఆలోచన నాకు నిద్ర పట్టనివ్వదు. విదేశీ ఉద్యోగమంటే రిజిస్టరైన ఏజెంటా కాదా చూడకుండా పిల్లల్ని పంపకండి.

డాబాగార్డెన్స్ 1958
నవంబరు 18, రాత్రి 8.05

చెవులతో చదువుతాను అన్న బాబుకో అమ్మాయికో, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫోను తీసేయమనడం తొందరపాటు. బియ్యం డబ్బా మాత్రం వెనక్కి తీసుకోను. ఇంట్లో వారానికి సరిపడా నగదు, కాగితం మీద పది ముఖ్యమైన ఫోను నంబర్లు, టార్చి ఉండాలి.

తర్లువాడలో గూగుల్ డేటా సెంటర్ వస్తోందని ఊరంతా సంబరంగా ఉంది. ఎండాకాలం మా వీధికి రోజు విడిచి రోజు నీళ్ళొస్తాయి. అంత పెద్ద యంత్రాలను చల్లబరచడానికి నీళ్ళు ఎక్కడివి?

రుషికొండ గాలి
నవంబరు 18, రాత్రి 9.40

న్యాయమైన ప్రశ్న. అక్టోబరు 14న ప్రకటించింది అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి. సముద్రపు కేబుల్ ఇక్కడ ఒడ్డుకు చేరితే మన పిల్లలకు అవకాశాలు వస్తాయి, నేను దాన్ని మనసారా కోరుకుంటున్నాను. కానీ నీరు ఎంత, ఏ జలాశయం నుంచి, ఎండాకాలంలో ముందు ఎవరికి అన్నది కాగితం మీద ప్రజలకు చూపించాలి. ఏలేరు కాలువ, మేఘాద్రిగెడ్డ, రైవాడ తగ్గితే నగరం గొంతు ఎండుతుంది. అడగడం అభివృద్ధికి అడ్డు కాదు.

మన వివరాలు ఆ ఫోను దొంగల చేతికి ఎలా చేరాయన్నదీ ఇలాంటి ప్రశ్నే. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నియమాలు మొన్న శుక్రవారమే వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి ఇంకా పద్దెనిమిది నెలలు పడుతుంది. ఈలోపు ఫొటోస్టాట్ కొట్లో, అద్దె ఇంటి దగ్గర ఆధార్ మొత్తం నంబరు ఇవ్వకండి. మొదటి ఎనిమిది అంకెలు దాచిన ఆధార్ దొరుకుతుంది, అది చాలు. వేలిముద్రలను కూడా తాళం వేసి ఉంచండి. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్ళు చేసి డబ్బు తీసిన కేసులు వచ్చాయి.

అక్కయ్యపాలెం అమ్మాయి
నవంబరు 21, రాత్రి 10.15

అందరికీ పేరుపేరునా నమస్కారం. సెలవు పెట్టి మంగళవారం రాత్రే విశాఖ వచ్చాను. మీ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. "తప్పేమీ లేదు" అన్న మాట దగ్గర మళ్ళీ చదవమంది.

బ్యాంకుకు వెళ్ళి డిపాజిట్ తిరిగి వేయించాం, ఆ ఖాతాను ఫోను నుంచి తీసేశాం, కాగితం మీద ముద్ర వేయించుకున్నాం. 1930కి చెప్పాం. నా ఖాతాతో యూపీఐ సర్కిల్ పెట్టాను. బియ్యం డబ్బాలో నగదు పెడుతుంటే అమ్మ నవ్వింది, వారం తర్వాత మొదటిసారి. ఆధార్ వేలిముద్రలకు తాళం వేశాను.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పింఛనుకు ఈ నెల 30లోగా జీవన ధ్రువీకరణ ఇవ్వాలి కదా. మీసేవకు వెళ్తే వేలిముద్ర తీసుకోవడం లేదు. తాళం వేయడం తప్పయిందా?

పాత ఖాతాపుస్తకం
నవంబరు 21, రాత్రి 10.50

తప్పు కాదమ్మా. తాళం పనిచేస్తోందనడానికి అదే రుజువు. ఆధార్ యాప్‌లో కాసేపటికి తాళం తీసుకునే వీలుంది, పని అయ్యాక మళ్ళీ అదే పడుతుంది. మీసేవకు వెళ్ళకుండా 2021 నుంచి ముఖం చూపించి ఫోనులోనే ధ్రువీకరణ ఇవ్వవచ్చు. దానికీ తాళం తీయాలి. వేళ్ళ గీతలు అరిగిపోయిన పెద్దవారికి అదే తేలిక. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీ ఎదురుగా కూర్చోబెట్టు. ఏది కుదరకపోయినా నేరుగా శాఖకు వెళ్ళి కాగితం మీద ఇవ్వవచ్చు. ఆ దారి ఇంకా ఉంది.

అక్కయ్యపాలెం అమ్మాయి
నవంబరు 24, ఉదయం 8.30

పుణె చేరాను. ధ్రువీకరణ అయింది. కిటికీ పక్కన కూర్చుని ఫోను అమ్మే పట్టుకుంది. రెండుసార్లు కుదరలేదు, మూడోసారి తీసుకుంది. వచ్చిన నంబరు నాన్నగారి పాత పాసుపుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకుంది.

ఇందాక అమ్మే నాకు వీడియో కాల్ చేసింది. నేను "అమ్మా" అనగానే చెయ్యి అడ్డుపెట్టి, ముందు ఆ రహస్యపు మాట చెప్పమంది. చెప్పాకే, తిన్నావా అని అడిగింది.